బందరులో బర్మా వీధి

ఆ వేసవిలో మా అత్తగారు అన్నం మానేసింది.

కోపం వచ్చి మానలేదు, జబ్బు చేసి మానలేదు. ఈస్టరు వెళ్ళిన మర్నాడు కంచం ముందు కూర్చుంది. అన్నంలో చెయ్యి పెట్టింది, తీసేసింది. "దిగదు" అంది బర్మా భాషలో. మర్నాడూ అదే మాట. తర్వాత ఆ మాట కూడా మానేసింది. పూటకి నాలుగు గుక్కల గంజితేట పట్టించడానికి నేనూ మా ఆయన కృపావరమూ చెరో పక్క కూర్చుని బతిమాలేవాళ్ళం.

మేం రంగూన్ నుంచి కట్టుబట్టలతో ఓడెక్కి వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. మా మామగారు ఇస్సాకుది దివిసీమలో కోడూరు. కుర్రతనంలో బందరు రేవు నుంచి బర్మా వెళ్ళి, బియ్యం మిల్లులో కుదిరి, అక్కడి పిల్లనే చేసుకున్నాడు. బాప్తిస్మంలో రాజమ్మ అని పేరు పెట్టించాడు. ఆయన అక్కడే పోయాడు. సమాధి అక్కడే ఉంది. అరవై నాలుగులో బర్మా సర్కారు పొమ్మంటే మనవాళ్ళందరూ బయల్దేరాల్సి వచ్చినప్పుడు, ఆ సమాధి దగ్గర్నుంచి తల్లిని రెక్క పట్టుకుని లాక్కొచ్చి ఓడెక్కించింది కృపావరమే. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఆయన మాత్రం తల్లి కంచం వంక చూసినప్పుడల్లా అదే చూసేవాడు.

నేనూ అక్కడే పుట్టాను. కోడూరు మా ఆయనకి తండ్రి ఊరు, నాకు పరాయి దేశం. మా అత్తగారికి ఏమిటో చెప్పుకోడానికి ఆవిడకి తెలుగు చాలదు. అన్నం, నీళ్ళు, పిల్ల, ప్రార్థన, రేవు... మామగారు నేర్పిన మాటలు గుప్పెడు.

ఆవిడ రంగూన్ నుంచి దక్కించుకు తెచ్చుకున్నవి రెండే. ఒకటి పట్టులుంగీ, నేరేడుపండు రంగుది. ఓడ దిగిన రోజునే నాకు చూపించి, "నేను పోయినప్పుడు ఇది కట్టు. చీర కట్టకు" అంది. రెండోది నప్పి జాడీ. చిట్టిరొయ్యలకి ఉప్పేసి, ఎండబెట్టి, దంచి, జాడీలో కూరి నెలల తరబడి మగ్గబెడితే అయ్యే ముద్ద నప్పి. బర్మావాళ్ళకి అది లేనిది అన్నం అన్నం కాదు. అలవాటు లేనివాళ్ళు ఆ వాసనకి వీధి చివరే ఆగిపోతారు. రంగూన్ రేవులో సోదా చేసినవాళ్ళు నా చెవిపోగులు కూడా ఉంచుకున్నారు గాని, వాళ్ళూ బర్మావాళ్ళే కదా, ఆ జాడీ మూత తీసి, వాసన చూసి, మళ్ళీ మూత పెట్టి ఆవిడ చేతికే ఇచ్చేశారు.

అప్పట్నుంచి ఆవిడ ముద్ద ముద్దకీ దాన్ని అంటీ అంటనట్టు అద్దుకు తినేది. అయిపోతుందని భయం.

ఈస్టరుకి చర్చి అయ్యగారు మా ఇంట్లో ప్రార్థన పెట్టారు. మేముండేది మామగారి తమ్ముడు దైవాధీనం ఇంట్లో. ఆయన భార్య కృపమ్మ, మా చినత్తమ్మ, ఇల్లంతా కడిగి, ముగ్గులు పెట్టి, ఆ జాడీ తీసుకెళ్ళి కాలవలో గుమ్మరించింది.

"పూర్తిగా కుళ్ళిపోయిందమ్మాయ్. అక్క చూసుకోలేదు పాపం" అంది నాతో, ఎంతో మేలు చేసినట్టు. "జాడీ మాత్రం బూడిదేసి తోమితోమి వదిలిపెట్టాను. ఇప్పుడు వాసన చూడు, ఏమన్నా ఉందా? ఉప్పు పోశాను."

నేను సంగతి చెప్పాక నెత్తి బాదుకుంది. "అయ్యో నా తల్లీ! తినేదా అది? రొయ్యలేగా, కొని వండి పెడతా!" అని ఎండురొయ్యలు కొని, వంకాయ వేసి వండింది కూడా. మా అత్తగారు ఉప్పు నిండిన జాడీ వంక ఒకసారి చూసింది. కూర ముట్టుకోలేదు.

కృపావరం ఇదేదీ లెక్కలో వెయ్యలేదు. "చిటికెడు నప్పి కోసం మనిషి చస్తుందా దయా? మా నాన్న దగ్గరికి పోవాలని మానేసింది. నేనే ఇక్కడికి తెచ్చి చంపుతున్నాను" అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది.

అవనిగడ్డలో డాక్టరుకి చూపించాం. ఆయన నాడి చూసి, కనురెప్పలు ఎత్తి చూసి, "ఒంట్లో రోగం లేదయ్యా. తింటే బతుకుతుంది. ఇలాగే ఉంటే ఈ ఎండలు దాటదు" అన్నాడు, ఆవిడకి తెలుగు రాదు కదా అని ఆవిడ ముందే. ఆవిడ ఆయన మొహం చూస్తూ కూర్చుంది. మొహం చదవడానికి భాష అక్కర్లేదు.

మే నెల నడిమధ్యలో కృపావరం తను కుదిరిన మిల్లు బస్తాల లారీ మీద బందరు వెళ్ళి, ఒక రంగు కాగితం పట్టుకొచ్చాడు. 'విశ్వవిహార్ ఎగ్జిబిషన్! ఒక్క టిక్కెట్టుతో ప్రపంచయాత్ర! చైనా వీధి, జపాను తోట, ఈజిప్టు గోరీలు, బర్మా వీధి, బంగారు గోపురం, బర్మా సుందరీమణుల నాట్యం!'

"మనుషులున్నారంట దయా" అన్నాడు. "బర్మావాళ్ళు. అమ్మ వయసువాళ్ళు ఒక్కరుండరా? నాలుగు మాటలు ఆడుకుంటే, ఆ గోపురం చూస్తే, మనసు మారి..."

"ఓపిక లేని మనిషిని బస్సుల్లో తిప్పుతావురా?" అన్నాడు దైవాధీనం. "దారిలో ఏమన్నా అయితే?"

"ఇక్కడుంటే ఏం కాదా బాబాయ్?"



కృపావరం గోడ వైపు తిరిగి పడుకున్న తల్లి పక్కన చతికిలబడ్డాడు. "అమే" అన్నాడు. అమ్మని బర్మాలో అలాగే పిలుస్తారు. "శనివారం బందరు వెళ్దామా? నీకొకటి చూపిస్తాను."

మా అత్తగారు ఇటు తిరిగింది. "బందరా? ఇస్సాకు బందరా?"

"అదే."

ఆవిడ లేచి కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఎవరూ పట్టుకోకుండా తనంతట తను.

శనివారం పొద్దున నేను కళ్ళాపి జల్లి వచ్చేసరికి ఆవిడ స్నానం చేసి, నడినెత్తిన కొప్పు పెట్టి, కొమ్ముదువ్వెన గుచ్చుకుని అరుగు మీద కూర్చుని ఉంది. ఒంటి మీద నేరేడుపండు రంగు పట్టులుంగీ.

"ఇదెందుకు కట్టావు అమే?"

"ఇవాళ కావాలి" అంది.

ఒళ్ళో పాత దుప్పటి మూట. అందుకోబోయాను, ఇవ్వలేదు. చేతికి గట్టిగా ఏదో తగిలింది. బైబిలేమో అనుకున్నాను. ఇంతలో లోపల్నుంచి కృపమ్మ కేక పెట్టింది. "ఉప్పంతా చేటలో కుమ్మరించిందెవరే? ఎస్తేరూ, నీ పనేనా?" మా ఆరేళ్ళ పిల్ల ఎస్తేరు "నేను కాదు, నేను కాదు" అంటూ రోడ్డు మీదికి పరిగెత్తింది. బస్సు హారన్ కొడుతోంది. ఎవరమూ వెనక్కి వెళ్ళలేదు.

పులిగడ్డ దగ్గర ఏరు దాటుతుంటే కృపావరం చెవిలో చెప్పాను. "చావుకి దాచుకున్న బట్ట కట్టుకొచ్చింది."

"నాకూ కళ్ళున్నాయి దయా. ఊరుకో" అన్నాడు. అంటూనే తల్లి చెయ్యి పట్టుకున్నాడు. బందరు బస్టాండులో దిగేదాకా వదల్లేదు.

ఎగ్జిబిషన్ మైదానంలో ప్రపంచమంతా వెదురు తడికలతోనూ గోనెగుడ్డలతోనూ చేసి ఉంది. చైనా వీధిలో ఒకాయన గడ్డం అతికించుకుని బందరు లడ్డు అమ్ముతున్నాడు. ఈజిప్టు గోరీ మీద 'ఉమ్మి వేయరాదు' అని రాశారు. నాలుగు మైకుల్లో నాలుగు పాటలు. "నాన్నా, చైనాలో లడ్డు ఉంటుందా?" అని ఎస్తేరు అడుగుతూనే ఉంది. వాళ్ళ నాన్నకి ఏదీ వినపడటం లేదు. చూపంతా బర్మా వీధి బోర్డు కోసమే.

జనం మాత్రం మా అత్తగారినే చూస్తున్నారు.

"ఒరే, ఈ ముసల్దాని వేషం చూడరా! అచ్చం బర్మాదే!"

"ముక్కు ఎట్టా చప్పిడి చేశారంటావు?"

"మైనంతో చేస్తార్లే. డ్రామాల్లో చూళ్ళా?"

కండువా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన భార్యాపిల్లల్ని వెంటేసుకొచ్చి ఎదురుగా నిలబెట్టాడు. "ఏవమ్మా, మీ బర్మా మాట ఒకటి మాట్లాడు, మా పిల్లలు వింటారు" అన్నాడు. కృపావరం పిడికిలి బిగిసింది. నేను మధ్యలోకి వెళ్ళి నడిపించుకొచ్చేశాను.

బర్మా వీధి చివర బంగారు గోపురం. తడికకి సున్నం కొట్టి, పైన పసుపు రంగు పూశారు. మా అత్తగారు దూరంనుంచే చెప్పులు విడిచింది. రంగూన్‌లో గుడిముందు నుంచి వెళ్ళినా అంతే, బాప్తిస్మం పుచ్చుకున్నా ఆ అలవాటు పోలేదు. దగ్గరికి వెళ్ళి గోపురం మీద చెయ్యి వేసింది. చెయ్యి తీసి చూసుకుంది. అరచేయంతా పసుపు. లుంగీకి అంటకుండా జాగ్రత్తగా ఆ చేతిని తడికకే తుడిచేసింది. వెనక్కొచ్చి చెప్పులు తొడుక్కుంది.

కృపావరం ఇదంతా చూడలేదు. ఆయన స్టేజీ పక్కన నిలబడ్డ అమ్మాయిల దగ్గరికి వెళ్ళిపోయాడు. లుంగీలు, కాగితం గొడుగులు, మొహాన తెల్లటి పూత. బర్మా భాషలో గబగబా మాట్లాడేస్తున్నాడు. "అమ్మా, మీదే ఊరు? మా అమ్మ అన్నం మానేసింది. ఒక్కసారొచ్చి పలకరించండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆ అమ్మాయి బిత్తరపోయింది. "ఏంటండీ?"

ఆయన మళ్ళీ అదే మాట, ఇంకా నెమ్మదిగా.

"మాది గుడివాడండీ" అంది ఆ పిల్ల. "డ్రామా కంపెనీ. చేతులు ఇలా తిప్పమన్నారు, తిప్పుతున్నాం. మొన్నటిదాకా జపాను తోటలో వేశాం. గొడుగులు అవేనండీ."

"ఒక్కళ్ళు కూడా లేరా? ఒక్కళ్ళు?"

"వంటాయనది కాకినాడండీ" అంది పక్క పిల్ల, సాయం చేద్దామని.

ఆయన అక్కడే నిలబడిపోయాడు. అత్తగారిని ఒక బల్ల మీద కూర్చోబెట్టి, ఎస్తేరుని చంకనేసుకుని వెళ్ళి ఆయన భుజం పట్టి కదిపాను. "రండి. పోదాం." ఆయన మొహం చూసి నాకే ఏడుపొచ్చింది. ఇద్దరం వెనక్కి తిరిగాం.

అత్తగారిని కూర్చోబెట్టిన బల్ల ఖాళీగా ఉంది.

చైనా వెతికాం, జపాను వెతికాం. ఆడవాళ్ళ దొడ్లలో వెతికాను. రంగులరాట్నం ఆపించి చూశాడు కృపావరం. మైకు దగ్గర కూర్చున్నవాడు మా మాట విని నవ్వాడు. "బర్మా ముసలావిడ తప్పిపోయింది అని చెప్తే జనం చప్పట్లు కొడతారయ్యా." కాళ్ళావేళ్ళా పడితే చెప్పాడు. నిజంగానే కొట్టారు.

గేటు దగ్గర కాపలావాడు తాపీగా అన్నాడు. "లుంగీ కట్టుకున్నావిడేనా? ఇందాకే బయటికి వెళ్ళింది. మూట పట్టుకుని వెళ్తుంటే, ఆట అయిపోయిన ఆర్టిస్టు అనుకుని సలాం కూడా కొట్టాను."

మైదానమంతటిలోకీ అసలు బర్మా మనిషి ఒక్కతే. ఆమెనే ఎవరూ ఆపలేదు.

బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. రోడ్డుకి రెండువైపులా రిక్షాలు. ఎటు పరిగెత్తాలో తెలియక నిలబడ్డప్పుడు నా కళ్ళు ఒక తలపాగా మీద ఆగాయి. అందులో కొమ్ముదువ్వెన గుచ్చి ఉంది.

"ఇదెక్కడిది?" అని ఆ రిక్షావాడి మీద పడ్డాను.

"దొంగిలించలేదు తల్లీ! ప్రభువు తోడు, నా పేరు సామ్యేలు, ఇక్కడ ఎవర్నడిగినా చెప్తారు" అన్నాడు హడలిపోయి. "ముసలమ్మ ఒకావిడ ఇచ్చింది. డబ్బుల్లేవు, ఇది తీసి చేతిలో పెట్టి 'రేవు, రేవు' అంది. గిలకలదిండి రేవులో దింపొచ్చా. మీవాళ్ళెవరో పడవ మీద వస్తున్నారేమో అనుకున్నా."

"దిగి ఎటు వెళ్ళింది?"

"నీళ్ళవైపే నడిచిందమ్మా."

నన్నూ పిల్లనీ ఎక్కించుకుని సామ్యేలు తొక్కాడు. కృపావరం ఎక్కలేదు. రిక్షాని వెనకనుంచి తోస్తూ పరిగెత్తాడు. పరిగెడుతూనే మాట్లాడుతున్నాడు, నాతోనో తనతోనో. "నాన్న ఓడెక్కిన రేవు. అందుకే బందరనగానే లేచింది. అందుకే ఆ బట్ట కట్టింది. నేనే దారి చూపించాను దయా. నేనే టిక్కెట్టు కొని మరీ..."

"నానమ్మ రంగూన్ వెళ్ళిపోయిందా అమ్మా?" అంది ఎస్తేరు.

పిల్ల మొహాన్ని గుండెకి అదుముకున్నాను.

గిలకలదిండిలో సముద్రపు పాయ పోటు మీద ఉంది. ఒడ్డున పడవలు, ఆరేసిన వలలు, తాటాకు పాకలు. కృపావరం ఆగలేదు. మోకాలి లోతు బురదలోకి, అక్కణ్ణుంచి నడుంలోతు నీళ్ళలోకి దిగి "అమే! అమే!" అని అరుస్తున్నాడు. వల బాగుచేసుకుంటున్న పడవ ఆసామి లేచి, "ఎవరికోసం బాబూ? లోపలికి పోకు, సుడి ఉంది!" అని కేకలేశాడు. ఆయన వినిపించుకునే స్థితిలో లేడు.

అప్పుడు కనపడింది నాకు, పాక ముందు, నేరేడుపండు రంగు.

పట్టులుంగీయే. చీర మీదుగా నడుముకి చుట్టుకుని, ఒక బెస్త ఆడమనిషి అటూ ఇటూ తిరిగి చూసుకుంటోంది. శవాల ఒంటిమీద బట్టలు తీసేవాళ్ళుంటారని రంగూన్‌లో యుద్ధం రోజుల్లో విన్నాను. వెళ్ళి ఆ బట్ట రెండు చేతులా పట్టుకున్నాను.

"ఎక్కడ దొరికింది? చెప్పు! ఎక్కడ తేలింది?"

"ఓయమ్మో, చిరిగిపోద్ది, వదులు!" అంది ఆమె. "తేలడమేంటి? ఇచ్చింది, తీసుకున్నా. బేరం చేసే తీసుకున్నా. ఓ పెద్దిరాజూ, ఇటు రావయ్యా, ఈ అమ్మాయెవరో మీద పడిపోతోంది!"

"ఎవరిచ్చారు? ఎక్కడుంది?"

ఆమె గడ్డంతో పాక వెనక్కి చూపించింది.

పాక వెనక రొయ్యలు ఆరేసిన కళ్ళం. ఆ వాసనకి ఎస్తేరు ముక్కు మూసుకుంది. పాక నీడలో, వెలిసిపోయిన చీర ఒకటి వంటికి చుట్టుకుని, మా అత్తగారు రోలు ముందు కూర్చుని ఉంది. రోకలెత్తే ఓపిక ఆవిడకి ఎక్కడిది! దంచుతున్నది ఆ పడవ ఆసామి పెద్దిరాజు కోడలు. సగం ఎండిన చిట్టిరొయ్యలూ ఉప్పూ. పక్కన విప్పిన దుప్పటి మూట, అందులో కృపమ్మ తోమిన జాడీ.

"చూడండమ్మా ఈవిణ్ణి" అంది కోడలు, నవ్వాపుకోలేక. "భాష రాదు గాని పని చెప్పడం మాత్రం వచ్చు. ఉప్పు తక్కువేశానని చేతి మీద ఒక్కటి కొట్టింది!"

నేను కృపావరాన్ని ఎలా పిలిచానో గుర్తులేదు. ఆయన బురదకాళ్ళతో వచ్చి, చూసి, నిలబడ్డచోటే కూలబడ్డాడు. బట్టలనుంచి నీళ్ళు కారుతున్నాయి.

మా అత్తగారు ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "తడిశావేం?" అంది.

"దీనికోసమా అమే?" అన్నాడు ఆయన. "అడిగితే నేను తేనా?"

"నువ్వు అడగలేదుగా. తిను తిను అన్నావు, అంతే." చిటికెడు ముద్ద తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. చాలు అన్నట్టు కోడలి రోకలి పట్టుకుని ఆపింది. "ఇస్సాకు చెప్పేవాడు, మా బందరు రేవూ నీ జాడీ ఒకటే వాసన అని. నన్ను మురిపించడానికి అంటున్నాడనుకున్నా. నిజమే."

ముద్దంతా జాడీలో కూరింది. గాలి చొరకుండా బొటనవేలితో నొక్కి, మూతకి గుడ్డ కట్టమని నాకు సైగ చేసింది.

"ఇంటికెళ్ళి దీంతో అన్నం తింటావా?" అన్నాడు కృపావరం. అంత భయపడుతూ ఆయన నన్ను పెళ్ళికి కూడా అడగలేదు.

"ఇప్పుడా?" ఆవిడ మొహం చిట్లించింది. "పచ్చిది ఎవరు తింటారు? మగ్గాలి. వానలు పడి, మీ కోడూరు కాలవ నిండాక అప్పుడు తియ్యాలి. అంతకుముందు ఎవరన్నా మూత తీశారో, ఊరుకోను. కృపమ్మకి చెప్పు."

"వానలు పడ్డాక" అన్నాడు కృపావరం.

"ఆఁ. పడ్డాక."

ఆయన పాయ వైపు తిరిగి నిలబడ్డాడు. ఈ ఎండలు దాటదన్న డాక్టరు మాట నాకూ గుర్తొచ్చింది.

పెద్దిరాజు కోడలు వంట పాకలోంచి సత్తు గిన్నెలో చద్దన్నం, ఉల్లిపాయ తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. మేం చెప్పలేదు, అడగలేదు. దంచినవాళ్ళకి పెట్టడం వాళ్ళ పద్ధతి కాబోలు. మా అత్తగారు రోలు అంచుకి అంటుకున్నదాన్ని వేలితో గీకి, అన్నంలో ముంచి, నోట్లో పెట్టుకుంది. "బాగాలేదు" అంది. ఇంకో ముద్ద పెట్టుకుంది.

నేను ఆ పాత చీర కుచ్చెళ్ళు సరిచేస్తూ అడిగాను. "ఈ రొయ్యలకి పట్టులుంగీ ఇచ్చేశావు కదా అమే. మరి... అప్పుడు నీకేం కట్టను?"

ఆవిడ నములుతూనే ఉంది.

"చీర కట్టు" అంది. "ముందు ఆ జాడీ పట్టుకో. వంచకు."